చదివింది ఒకటి తీసుకురా

పుస్తకం అచ్చేసిన ఎనిమిది నెలలకు తిరుపాలుకు ఊళ్లో ఎదురొచ్చేవాళ్లు తగ్గిపోయినారు.

నేను కల్పించి చెప్పడం లేదు. తిరుపాలు కరెంటు మీటర్ రీడర్. నెలకొకసారి ప్రతి ఇంటికీ పోవాల్సిందే. పుస్తకం రాకముందు "రాప్పా, ఇంత మజ్జిగ తాగిపో" అని పిలిచేవాళ్లు. పుస్తకం వచ్చినాక అతని బండి చప్పుడు వింటే చాలు, మీటర్లో అంకెలు లోపలినుంచే అరిచి చెప్పి తలుపేసుకుంటా ఉన్నారు.

వాళ్లనీ అనడానికి లేదు. తిరుపాలు భుజానికి రెండు సంచులు వేసుకొని తిరిగేవాడు. ఒకదాంట్లో బిల్లు కొట్టే మిషను, ఇంకోదాంట్లో పుస్తకాలు. బిల్లు చేతిలో పెట్టీ పెట్టకముందే పుస్తకం తీసేవాడు. కరెంటోడితో మనకెందుకొచ్చిన తగువు అని కొందరు కొన్నారు. మొహమాటానికి ఇంకొందరు కొన్నారు.

నేనూ కొన్నా. నా పేరు పుల్లన్న, నాది సైకిల్ షాపు. తిరుపాలూ నేనూ ఒకే గురువు దగ్గర ఉపదేశం తీసుకున్నవాళ్లం. అట్లాంటిది నేనే కొనకపోతే ఎట్ల?

మా గురువు దస్తగిరయ్య. దూదేకులాయన. డెబ్బై ఎనిమిదేండ్లు. పాత మార్కెట్టు వెనక రేకుల షెడ్డులో పరుపులు కుడతాడు. ఆశ్రమం లేదు, కాషాయం లేదు, గడ్డంలో మాత్రం ఎప్పుడూ ఇంత దూది ఉంటుంది. మేమంతా సామీ అంటాం. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పిన పాపాన ఏనాడూ పోలేదు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఇరవై ఏండ్లలో అలవాటైపోయింది.

తిరుపాలు వాళ్ల నాయన బావులు తవ్వే మనిషి. పెన్న ఈ గట్టునా ఆ గట్టునా ఆయన దిగని బావి లేదంటారు. ఆయన పోయినాక తిరుపాలు రెండేండ్లు కూచుని ఆ బతుకంతా రాసినాడు. 'తొమ్మిది నిలువుల బావి' అని పేరు పెట్టినాడు. పట్నంలో పుస్తకాలు వేసేవాళ్లకు పంపితే ఉలుకూ లేదు పలుకూ లేదు. సరే పో, నా పుస్తకం నేనే వేసుకుంటా అని ఐదు వందల కాపీలు అచ్చేయించినాడు. ముందు అట్ట మీద రాతికట్టు బావి, వెనక అట్ట మీద తన ఫొటో.

మొదటి కాపీ తెచ్చి గురువు చేతిలో పెట్టినాడు. ఆయన కండ్లకద్దుకొని గూట్లో పెట్టినాడు. ఎనిమిది నెలలైనా అది ఆ గూట్లోనే ఉంది. తిరుపాలు షెడ్డులోకి వచ్చినప్పుడల్లా ముందు ఆ గూటి పక్క చూసేవాడు. చూసి, ఏమీ చూడనట్టు కూచునేవాడు. ఊరంతా మెచ్చుకున్నా అతనికి చాలదు, ఈ ముసలాయన నోటినుంచి ఒక్క మాట కావాల. అది నాకు తెలుసు. ముసలాయనకూ తెలిసే ఉంటుంది.

ఆ పొద్దు ఆదివారం. సామి పరుపు ముందర కూచుని దబ్బనంతో అంచు కుడతా ఉన్నాడు. నేను దారం చుట్ట విప్పి అందిస్తా ఉన్నా. తిరుపాలు వచ్చి సంచి పక్కన పెట్టి కూచున్నాడు.

"సామీ, ఒక మాట అడుగుతా. కోపం చేసుకోవద్దు."

"అడుగు నాయనా."

"మూడు వందల పైన అమ్మినా సామీ. మన పక్క సొంతంగా పుస్తకం వేసుకున్నోళ్లు ఎవురూ ఇన్ని అమ్మలేదు. వాట్సప్‌లో దినమూ పెడతాండా. పెండ్లిండ్లకు పట్టుకుపోతాండా. తిరనాళ్లలో బల్లేసుకొని బొమ్మలమ్మేవాళ్ల పక్కన కూచున్నా. సిగ్గు పడలా. కానీ..."

"కానీ?"

"ఒక్కరు కూడా ఆ పుస్తకం గురించి నాతో మాట్లాడలా. బాగుందన్నోడు లేడు, బాగాలేదన్నోడు లేడు. తిట్టినా సంతోషపడేవాణ్ణి. రెండోది మొదలుపెట్టినా సామీ, మా అమ్మ గురించి. సగమైంది. ఇంక పెన్ను కదలడంలా. ఎవురికోసం రాయాల? మీరు ఆపేయమనండి, ఈ పొద్దే ఆపేస్తా. ఆ కాగితాలు పొయ్యిలో పెట్టి, బిల్లులు కొట్టుకుంటా బతుకుతా."

అసలు మాట అప్పుడు అన్నాడు.

"మీరు కూడా చదవలా సామీ."

నాకు భయమేసింది. మా సామితో అట్లా ఎవరూ అనరు. ఆయన మాత్రం దబ్బనం ఆపలేదు.

"చదవలా నాయనా."

"ఎందుకని సామీ?"

"కొత్త పరుపు మీద నాకు నిద్ర పట్టదు. కొత్త పుస్తకమూ అంతే."

పరుపులు కుట్టి అమ్ముకునే మనిషి అనాల్సిన మాటేనా అది! నాకు నవ్వొచ్చింది. తిరుపాలు మొహం చూసి మింగేసినా.

"ఎవురన్నా చదివింది ఒకటి తీసుకురా," అన్నాడు సామి. "నీ సంచిలోది కాదు. నువ్వు అమ్మినదాంట్లోది. అడిగి తీసుకురా. అది చదువుతా."

తిరుపాలు మొహం విప్పారింది. "అంతేనా సామీ? మూడు వందల మంది ఉండారు. ఎన్ని కావాల?"

"ఒకటి చాలు. బలవంతం చేయొద్దు, వాళ్లు మనసుతో ఇస్తేనే తీసుకో. పుల్లన్నా, నువ్వూ తోడు పో."

బయటికి రాగానే తిరుపాలు నా భుజం మీద చెయ్యేసినాడు. "ఇదేం పెద్ద పని అన్నా? మధ్యాహ్నానికి తెచ్చిస్తాం. ముందు మీ ఇంటికే పోదాం పా."

మా ఇంట్లో ఆ పుస్తకం ఎక్కడుందో నాకు తెలుసు. బీరువా మీద, పాత పంచాంగాల కింద. పోయిన నిమిషంలో తెచ్చి చేతికిచ్చినా. అంత తొందరగా ఇచ్చి ఉండకూడదని తర్వాత అనిపించింది. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు నేను. తిరుపాలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసినాడు.

"చదివినా అన్నావు గదన్నా?"

"చదివినా. సగం చదివినా."

"యాడిదాకా?"

"బావి దాకా."

"ఏ బావి?"

పుస్తకం నిండా బావులే! మా ఆవిడ వంటింట్లోనుంచి తొంగి చూసి, తల లోపలికి తీసుకుంది. తిరుపాలు నన్ను ఒక్క మాట అనలేదు. ప్లాస్టిక్ కవరుతోనే దాన్ని తిరిగి నా చేతికిచ్చి, "పద్మనాభం సార్ చదివింటాడు, పా" అన్నాడు.

పద్మనాభం సార్ రిటైరైన హెడ్మాస్టరు. పుస్తకం ఆవిష్కరణకు ఆయనే ముఖ్య అతిథి. రంగు కాగితం చింపి, పుస్తకాన్ని గుండెకాడ పట్టుకొని ఫొటోకు నిలబడి, మైకు ముందర ముప్పావు గంట మాట్లాడినాడు. కుర్చీలో కూచున్న నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి, అంత బాగా మాట్లాడినాడు. అందుకే నాకూ ధైర్యమొచ్చింది.

సార్ ఎంతో ఆప్యాయంగా కూచోబెట్టినాడు. పుస్తకం తెచ్చి ఇచ్చినాడు. తెరిస్తే మొదటి పేజీల్లో ఎర్ర సిరా గీతలు. తిరుపాలు నా పక్క చూసినాడు, 'చూసినావా' అన్నట్టు. ఇంకొంచెం తిప్పితే గీతలు ఆగిపోయినాయి. మిగతా పుస్తకమంతా తెల్లగా, రెండు చోట్ల పేజీలు ఇంకా అతుక్కునే ఉన్నాయి.

ఆ గీతలున్నవి ముందుమాట పేజీలు. ముందుమాట రాసింది సారే. తన మాటల్లో అచ్చుతప్పులు తాను దిద్దుకున్నాడు.

"తీసుకుపో నాయనా, తొందరేం లేదు, నీ కాడే పెట్టుకో," అన్నాడు సార్.

"వద్దులే సార్, మీ కాడ ఉండనీ," అన్నాడు తిరుపాలు. సార్ మనసు నొప్పించకుండా కాళ్లకు దండం కూడా పెట్టినాడు. తిరుపాలులో ఉన్న మంచితనం అది.

బట్టల షాపు రంగయ్య శెట్టి ఒకేసారి పది కాపీలు కొన్న మనిషి. ఆయన మాకు నన్నారి సోడా తెప్పించినాడు. పుస్తకాల మాట ఎత్తగానే "ఉండాయప్పా, భద్రంగా ఉండాయి" అని లోపలికి తీసుకుపోయినాడు. భద్రంగానే ఉన్నాయి. పది పుస్తకాలూ కట్టిన పురికొస కట్టినట్టే ఉంది. వాటి మీద ఎక్కి నిలబడి గుమాస్తా పై అరలోనుంచి చీరలు తీస్తా ఉన్నాడు.

శెట్టి నాలుక కరుచుకున్నాడు. "రేయ్, దిగు, దిగురా! అయ్యో తిరుపాలూ, ఏమనుకోవద్దు నాయనా. పదీ తీసుకుపో. నాకేం దుడ్లు వెనక్కియ్యక్కరలా."

చెడ్డవాడు కాదు శెట్టి. నిజంగానే నొచ్చుకున్నాడు. తిరుపాలు ఆ కట్టను తుడిచి పక్కన గోడకు ఆనించి పెట్టినాడు.

తర్వాత గాంధీ వీధికి పోయినాం. మూడో ఇంటి ముందు బండి ఆపినామో లేదో కిటికీలోనుంచి ఆడమనిషి గొంతు వినపడింది: "నాలుగు వేల మూడు వందల పన్నెండు!" టప్పున కిటికీ మూసుకుంది. ఆ పొద్దు ఆదివారం, పైగా బిల్లులు కొట్టే వారం కూడా కాదు. నేను ఆగలేక నవ్వినా. తిరుపాలు కూడా నవ్వబోయి మధ్యలో ఆగిపోయినాడు.

అట్లా పదకొండు ఇండ్లు తిరిగినాం. ఒకరింట్లో టీవీ కింద ఎత్తుకు పెట్టినారు. ఒకరింట్లో పిల్లలు బావి బొమ్మకు మీసాలు దిద్దినారు. ఒకాయన "నువ్వు పుస్తకం కూడా రాసినావా?" అని తిరుపాలునే అడిగినాడు, మొదటి పేజీలో అతను సంతకం చేసి ఇచ్చిన కాపీ బల్ల మీద పెట్టుకొని. ఎవరూ విసుక్కోలేదు. అందరూ మర్యాదగా మాట్లాడినారు, అందరూ తీసుకుపొమ్మన్నారు.

ఎండ నడినెత్తికొచ్చింది. ఊరి బయట కల్వర్టు మీద కూచున్నాం. తిరుపాలు చెప్పులు విడిచి కాళ్లు చాపుకున్నాడు.

"పుల్లన్నా, నేను పొద్దున ఏమనుకున్నానో తెలుసా? ఎవురూ ఇయ్యరేమో, బతిమాలాల్సొస్తాదేమో అనుకున్నా. ఎట్ల అడగాల, ఏం చెప్పి అడగాల అని మనసులో మాటలు కూడా అనుకున్నా." నేల చూపులు చూస్తా అన్నాడు. "ఒక్కరు కూడా ఇయ్యననలా అన్నా. అందరూ ఇచ్చేస్తాండారు."

ఇచ్చేసినవాళ్లలో మొదటివాణ్ణి నేనే కదా. సిగ్గుతో చచ్చిపోయినా ఆ పొద్దు. ఇరవై ఏండ్లు పక్క పక్కన కూచున్నాం, ఒకే పళ్లెంలో తిన్నాం, వాళ్ల నాయన చచ్చిపోతే పాడె మోసినా. ఆ నాయన గురించి రాస్తే ప్లాస్టిక్ కవరు విప్పలేకపోయినా.

"ఇంటికి పోదాం," అన్నాడు తిరుపాలు. "ఆ కాగితాలు పొయ్యిలో పెట్టేస్తా. సామికి రేపు చెప్తా."

"ఇంకొకరు," అన్నా. "అబ్రహాం కూడా కొన్నాడు గదా. దారిలోనే గదా."

అబ్రహాం కాంపౌండరు. పెద్దాసుపత్రిలో పని మానేసి సొంతంగా సూది మందు వేస్తాడు. మేం అడగ్గానే తల గోక్కున్నాడు.

"నా కాడ లేదప్పా. నిజం చెప్తా, ఏమనుకోగాకు. నేను చదవలా. వచ్చినోళ్లు చూసుకుంటారులే అని బెంచీ మీద పెట్టినా. వంకకొట్టాల నుంచి ఓబులమ్మ అని ఒకామె మోకాళ్ల నొప్పికి వచ్చింది. అట్ట మీద బావి బొమ్మ చూసి దాన్ని ఒళ్లో పెట్టుకోని కూచుంది. పిలిస్తే కూడా పలకలా. కావాలంటే తీసుకుపోమ్మా, చూసి తెచ్చియ్యి అన్నా. నాలుగు నెలలైంది. ఇంతవరకూ తెచ్చియ్యలా."

తిరుపాలు అప్పటిదాకా బెంచీ మీద వాలిపోయి ఉన్నాడు. లేచి నిలబడినాడు.

"తెచ్చియ్యలా?"

"తెచ్చియ్యలా. రెండుసార్లు అడిగినా. ఇస్తాలే అంటాది."

వంకకొట్టాల పది కిలోమీటర్లు. ఆ ఊరి కరెంటు వేరే మీటర్ రీడర్ చూస్తాడు, తిరుపాలును అక్కడెవరూ ఎరగరు. ఓబులమ్మ ఇల్లు అడిగితే చివర రాళ్ల మిద్దె చూపించినారు. అరవై దాటిన మనిషి. వసారాలో చేటలో చెనక్కాయలు వొలుస్తా ఉంది.

"ఎవురు నాయనా మీరు?"

"టౌను నుంచి వచ్చినాంమా," అన్నాడు తిరుపాలు. "కాంపౌండర్ అబ్రహాం కాడ ఒక పుస్తకం తెచ్చుకున్నావంట."

ఆమె చేతులు ఆగినాయి. "ఆయప్ప పంపించినాడా?"

"లేదమ్మా. మేమే వచ్చినాం. మా గురువుగారికి కావాల. చదివినాక తెచ్చిస్తాం."

ఆమె లోపలికి పోయి, గుడ్డలో చుట్టిన పుస్తకం తెచ్చింది. మాకు ఇవ్వలేదు. ఒళ్లో పెట్టుకొని కూచుంది. బడిపిల్లలు వేసుకున్నట్టు దానికి క్యాలెండరు కాగితంతో అట్ట వేసుకుంది. తిరుపాలు ఫొటో ఆ కాగితం కింద ఎక్కడో ఉంది. అంచులు నలిగి, పుస్తకం రెండింతలు లావైంది.

"ఇయ్యను నాయనా," అంది.

తిరుపాలు ఆమె ముందర వసారాలోనే చతికిలబడినాడు.

"నేనింగా సదువుతాండా. పెద్దోళ్ల బడిలో నేర్చుకున్న సదువు నాది. ఏలు పెట్టుకోని, కూడబలుక్కోని సదవాల. పొద్దుకు అర పేజీ, అంతే. యాడ ఆపితే ఆడ పెన్సిలుతో గీత పెట్టుకుంటా." పుస్తకం తెరిచి చూపించింది. ప్రతి పేజీ పక్కనా గీతలు. "ఇంగ ఇరవై పేజీలుండాయి."

"అంత నచ్చిందా అమ్మా?" అన్నా నేను. తిరుపాలు అడగలేడని నాకు తెలుసు.

"నచ్చడం కాదు నాయనా." ఆమె కాసేపు చెనక్కాయల పక్క చూసింది. "మా ఆయన ముప్పై ఏండ్లు బావుల్లోకి దిగినాడు. పైకొచ్చేవాడు, నీళ్లు పోసుకునేవాడు, ఇంత సంగటి తిని పండుకునేవాడు. కింద ఎట్లుంటాది అని అడిగితే ఏముంటాది, రాళ్లుంటాయి అనేవాడు. అంతకుమించి ఒక్క మాట చెప్పలా. అట్లే సచ్చిపోయినాడు. దీంట్లో అంతా రాసి పెట్టినాడు ఎవురో పుణ్యాత్ముడు. కిందినుంచి చూస్తే పైన నిలబడిన మనిషి తల చెనక్కాయంత కనపడతాదంట. ఊట తగిలే ముందు కాళ్ల కింద మన్ను సల్లబడతాదంట. రాళ్లు పేల్చే మందుకు ఒత్తి అంటించి, మోకు పట్టుకోని పైకెక్కేటప్పుడు, మనసులో పిల్లోళ్ల పేర్లు అనుకుంటా ఎక్కుతారంట."

కొంగుతో మొహం తుడుచుకుంది.

"మా ఆయన కూడా అనుకునేవాడో ఏమో. మాకు నలుగురు."

నాకు ఆగలేదు. ఈ రాసినాయన ఇదిగో నీ ముందరే ఉండాడమ్మా అని చెప్పేయబోయినా. తిరుపాలు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. నొప్పి పుట్టేటంత గట్టిగా.

తర్వాత సంచిలోనుంచి కొత్త కాపీ తీసినాడు. "అమ్మా, ఇది పెట్టుకో. ఇదీ అదే పుస్తకం. నలగలా. పాతది మాకియ్యి."

ఆమె కొత్తదాన్ని చేతిలోకి తీసుకొని చూసి, తిరిగి ఇచ్చేసింది. "ఇది నేనేం చేసుకునేది నాయనా? నా గీతలన్నీ దీంట్లో ఉండాయి. మీకు కావాలంటే టౌనులో కొనుక్కోండి."

తిరుపాలు కొత్త కాపీని సంచిలో పెట్టుకున్నాడు.

"ఒకటి మాత్రం తక్కువ చేసినాడు ఆయప్ప," అంది ఆమె, మేం లేవబోతుంటే. తిరుపాలు మళ్లీ కూచున్నాడు.

"ఏందమ్మా?"

"కింద ఉన్నోళ్ల సంగతే రాసినాడు. పైన మోకు పట్టుకోని నిలబడినామే మేము, మా సంగతి ఒక్క ముక్క రాయలా. కింద టప్పుమంటే పైన మా పానం పోయేది. ఆయన పైకెక్కినాకనే మేం ఊపిరి తీసుకునేది. మగోళ్లకు అది యాడ తెలుస్తాది?"

తిరుపాలు తల వంచుకొని విన్నాడు. వాళ్లమ్మ ఆ మోకు పట్టి పట్టి రెండు అరచేతులూ కాయలు కాసిపోయిన మనిషి. చచ్చిపోయిన పొద్దు కూడా ఆ చేతులు అట్లే ఉన్నాయి, నేను చూసినా.

"ఇంగ ఇరవై పేజీలు," అంది ఆమె మళ్లీ. "ముందు పొద్దుకొక పేజీ సదివేదాన్ని. అయిపోతాదని భయమేసి అరకు తగ్గించినా. అయిపోయినాక ఏం సదువుకోవాల్నో ఏమో."

మాకు ఇన్ని చెనక్కాయలు గుడ్డలో కట్టిచ్చింది. ఊరి బయటికి వచ్చినాక తిరుపాలు బండి ఆపినాడు. హ్యాండిల్ మీద తల పెట్టుకొని ఏడ్చినాడు. చిన్నపిల్లోడు ఏడ్చినట్టు, గట్టిగా, సిగ్గు లేకుండా. నేను వీపు నిమురుతా నిలబడినా. నా కండ్లూ ఆగలేదు.

"నువ్వే రాసినావని ఎందుకు చెప్పలా?" అని అడిగినా కొంచెం తేరుకున్నాక.

"చెప్పింటే ఇచ్చేసేది అన్నా. మొహమాటానికి ఇచ్చేసేది."

షెడ్డుకు వచ్చేసరికి ఎండ వాలింది. సామి పొద్దుటి పరుపు ముగించి ఇంకొకటి మొదలుపెట్టినాడు. తిరుపాలు ఖాళీ చేతులతో ఆయన ముందర కూచున్నాడు.

"తెచ్చినావా నాయనా?"

"లేదు సామీ. ఇయ్యనన్నాది."

సామి దబ్బనం కింద పెట్టినాడు. "ఇయ్యనన్నాదా?"

"ఊ."

"అడిగినావా సరిగ్గా?"

"అడిగినా సామీ. కొత్తది ఇస్తా అన్నా. అయినా ఇయ్యనన్నాది."

ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారో గానీ, ఇయ్యనన్నాది, ఇయ్యనన్నాది అని చెప్పుకుంటా తిరుపాలు నవ్వుతా ఉన్నాడు. కండ్లు తుడుచుకుంటా జరిగిందంతా చెప్పినాడు. క్యాలెండరు అట్ట, పెన్సిలు గీతలు, పిల్లల పేర్లు, మోకు పట్టుకున్న ఆడవాళ్లు. సామి ఒక్క మాట అడ్డం రాకుండా విన్నాడు. విని, గడ్డంలో దూది తీసి పక్కన పెట్టినాడు.

"ఆయమ్మకు ఇంగెన్ని పేజీలుండాయన్నావు?"

"ఇరవై సామీ."

"పొద్దుకు ఎంత చదువుతాది?"

"అర పేజీ."

సామి వేళ్ల మీద లెక్క చూసుకున్నాడు. మళ్లీ దబ్బనం చేతిలోకి తీసుకున్నాడు.

"అయితే నీకు నలభై దినాలే ఉండాయి. ఈడ కూచున్నావేంది? లేయ్, ఇంటికి పో."